బడి పిల్లలకు పుస్తకాలు ఇవ్వబోయే బృందాలకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రాథమిక తరగతుల పిల్లలకు పుస్తకాలు చేర్చే స్వచ్ఛంద బృందంతో కలిసి పనిచేస్తున్నాను. సేకరించడం, వేరు చేయడం, బడికి అందించడం, కొన్ని నెలల తరువాత మళ్లీ వెళ్లి ఏ పుస్తకం నలిగిందో, ఏది మడత పడకుండా అలాగే ఉందో చూడడం మా పని. ఈ చివరి పని చాలా బృందాలు చేయవు. చేస్తే, పుస్తకదానం గురించి మనం తేలికగా నమ్మేసే మాటలు చాలావరకు నిలబడవని తెలుస్తుంది. ఇచ్చేవారి మంచి మనసును శంకించడం నా ఉద్దేశం కాదు. ఆ మంచి మనసు అట్టపెట్టెలో ఆగిపోకుండా పిల్లల చేతుల దాకా వెళ్లాలన్నదే నా తపన.

అపోహ: ఎన్ని పుస్తకాలు ఇస్తే అంత మేలు.

వాస్తవం: మేలు జరిగేది చదివిన పుస్తకంతోనే. సేకరణ పెట్టె ఒకటి విప్పి చూడండి. పైన రెండు మూడు మంచి బొమ్మల కథలు ఉంటాయి. వాటి కింద పోటీ పరీక్షల గైడ్లు, సిలబస్ మారిపోయిన పాఠ్యపుస్తకాలు, సగం రంగులు నింపేసిన బొమ్మల పుస్తకం, జవాబులన్నీ పెన్నుతో రాసేసిన వర్క్‌బుక్, నిరుడు ఎవరో కానుకగా ఇచ్చిన డైరీ. లెక్కపెట్టేటప్పుడు ఇవన్నీ పుస్తకాలే. ఏడేళ్ల పిల్ల కళ్లతో చూస్తే ఆ పెట్టెలో ఉన్నవి రెండు మూడే.

వేరు చేయకుండా పంపితే ఆ పని టీచరు నెత్తిన పడుతుంది. దానంగా వచ్చినవాటిని పారేయడానికి ఆమెకు మనసొప్పదు. పారేస్తే ఎవరేమంటారో అన్న బెరుకు కూడా ఉంటుంది. పనికిరానివి అరలు నింపేస్తాయి, మంచివి వాటి వెనక్కి పోతాయి. అందుకే మేము మొదటిసారి బడికి ఉత్తచేతులతో వెళ్తాం. ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారు, వాక్యాలు చదవగలిగేవారు ఎందరు, ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్నవారు ఎందరు, ఇప్పటికే ఏమున్నాయి, పెట్టుకోవడానికి చోటుందా అని అడుగుతాం. ఆ తరువాతే సేకరణ. ఊరికే "పుస్తకాలు ఇవ్వండి" అనకుండా "ఒకటి, రెండు తరగతులకు బొమ్మల కథలు కావాలి, పేజీకి రెండు మూడు వాక్యాలు మించకూడదు" అని అడిగితే వచ్చేవి తక్కువే. కానీ వచ్చినవి పనికొస్తాయి.

అపోహ: ఏమీ లేనివారికి పాతదైనా, చిరిగినదైనా గొప్పే.

వాస్తవం: పాత పుస్తకం ఇవ్వడంలో తప్పు లేదు. మీ సొంత బిడ్డకు ఇవ్వడానికి వెనకాడే పుస్తకాన్ని మరొకరి బిడ్డకు ఇవ్వడమే తప్పు. బూజు వాసన వచ్చే పుస్తకం పక్కనున్న వాటిని కూడా పాడు చేస్తుంది. కథ చివరి పేజీలు లేని పుస్తకం పిల్లలను నిజంగా బాధపెడుతుంది. సమాచార పుస్తకాలైతే ఏ ఏడాదివో చూడాలి. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2006లోనే ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలున్నాయని చెప్పే పుస్తకం ఇప్పటికీ దానపు పెట్టెల్లో వస్తూనే ఉంది.

బుక్ ఎయిడ్ ఇంటర్నేషనల్ సంస్థ 1954లో మొదలైంది. బహామాస్ గవర్నరు భార్య లేడీ రాన్‌ఫర్లీ తనకు తెలిసినవారిని చదివేసిన పుస్తకాలు పంపమని అడగడమే దానికి బీజం. అదే సంస్థ ఇప్పుడు ప్రచురణకర్తల నుంచి కొత్త పుస్తకాలే తీసుకుని పంపుతోంది. పాతవాటితో మొదలుపెట్టినవారే ఇలా మారారంటే ఆలోచించాల్సిన విషయమే.

అపోహ: చదవడం రాని పిల్లలకు పుస్తకం ఇవ్వడం దండగ.

వాస్తవం: చదవడం వచ్చేది పుస్తకం చేతిలో ఉన్నప్పుడే. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1992లో మొదలైన బుక్‌స్టార్ట్ పసిపిల్లల కుటుంబాలకు పుస్తకాలు ఇస్తుంది. అమెరికాలో 1989లో బోస్టన్ వైద్యులు మొదలుపెట్టిన రీచ్ అవుట్ అండ్ రీడ్ కార్యక్రమంలో, బిడ్డను పరీక్షకు తీసుకొచ్చినప్పుడు డాక్టరే పుస్తకం చేతికిచ్చి, గట్టిగా చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెబుతారు. గాయని డాలీ పార్టన్ 1995లో ప్రారంభించిన పథకం పుట్టినప్పటి నుంచి అయిదేళ్లు నిండేవరకు నెలకొక పుస్తకం ఇంటికి పంపుతుంది. ఇవేవీ అక్షరాలు వచ్చేదాకా ఆగలేదు.

మాటలు లేని బొమ్మల పుస్తకాన్ని అయిదేళ్ల పిల్లవాడి చేతికిచ్చి పక్కన కూర్చోండి. మొదట తలకిందులుగా పట్టుకుంటాడు, తానే తిప్పుకుంటాడు. కుక్క బొమ్మ మీద వేలు పెట్టి "ఇది దాక్కుంది" అంటాడు. రెండు పేజీలు తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చి అది నిజంగానే దాక్కుందా అని చూసుకుంటాడు. కథ ఎటు నుంచి ఎటు నడుస్తుందో, ముందు జరిగినదానికీ తరువాత జరిగినదానికీ సంబంధం ఏమిటో అప్పుడే పట్టుబడుతోంది. చదువులో సగం పని ఇదే.

అపోహ: పిల్లలకు ఏది మంచిదో పెద్దలకే తెలుసు. నీతి కథలు, మహనీయుల జీవితాలు ఇస్తే చాలు.

వాస్తవం: నేను పట్టుబట్టే విషయం ఏదైనా ఉందంటే ఇదే. ఎంచుకునే హక్కు పిల్లలకే ఉండాలి.

రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్ ఫ్రాంజెన్ అనే అమెరికన్ పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫ్లోరిడాలో పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రాథమిక పాఠశాలల్లో, వరుసగా మూడేళ్లు, వేసవి సెలవులకు ముందు ఒక్కొక్కరికి 12 పుస్తకాలు ఇచ్చారు. బడిలో ప్రదర్శన పెట్టి, పిల్లలు తమకు నచ్చినవి ఏరుకునేలా చేశారు. మూడేళ్ల తరువాత పఠన పరీక్షల్లో వీరు పుస్తకాలు అందుకోని పిల్లల కన్నా మెరుగ్గా ఉన్నారు. అత్యంత పేద పిల్లల్లో ఆ తేడా మరింత ఎక్కువ. వాళ్లు ఎగబడి తీసుకున్న వాటిలో పాప్ గాయనీగాయకుల మీద రాసినవీ ఉన్నాయి. మనం పక్కన పెట్టేసే రకం పుస్తకాలే అవి.

నీతి కథల మీద నాకు కోపమేమీ లేదు. అవే ఉంటేనే ఇబ్బంది. జంతువుల గురించి, యంత్రాల గురించి, పొడుపు కథలు, నవ్వించే కథలు, కామిక్స్ అన్నీ బల్ల మీద పరచండి. ప్రతి పిల్లవాడికీ తిరిగి చూసే వ్యవధి ఇవ్వండి. ఎంచుకున్న పుస్తకం తన స్థాయికి సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ఏదైనా ఒక పేజీ చదవమనండి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోగా అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టమైనదే. అయినా అదే కావాలంటే ఇచ్చేయండి. డైనోసార్ల మీద ప్రాణం పెట్టుకున్న పిల్లలు తమ స్థాయికి మించిన మాటలు కూడా పట్టుకుంటారు.

అపోహ: పుస్తకాలు జాగ్రత్తగా ఉండాలంటే బీరువాలో పెట్టాలి.

వాస్తవం: ఇచ్చిన పుస్తకాలకు ఎక్కువ హాని చేసేది తాళమే. అయితే ఇందులో టీచర్ల తప్పు లేదు. పుస్తకాలు ఇస్తూ మనం రసీదు మీద సంతకం తీసుకుంటాం, జాబితా అప్పగిస్తాం. పుస్తకం పోతే తానే జవాబు చెప్పుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనిపించాక తాళం వేయక ఏం చేస్తారు? తనిఖీ రోజున బీరువా తెరిస్తే అన్నీ వరుసగా, కొత్తగా, అంటుకున్న పేజీలతో ఉంటాయి.

ఒకప్పుడు ఐరోపా గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారు. గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలను 1931లో అందించిన ఎస్.ఆర్. రంగనాథన్ మొదటి సూత్రంగా పెట్టింది, పుస్తకాలున్నవి వాడుకోవడానికే అన్నది. గొలుసులు పోయాయి కానీ ఆ భయం పోలేదు.

దాన్ని పోగొట్టే బాధ్యత ఇచ్చేవారిదే. పుస్తకం చిరిగినా పోయినా బడిని అడగబోమని మేము కాగితం మీద రాసి సంతకం చేసి ఇస్తాం. నా అనుభవంలో ఈ ఒక్క కాగితం చేసినంత పని కొత్త బీరువా చేయలేదు. తరగతి గదిలో పిల్లల భుజాల ఎత్తుకు మించకుండా తాడు కట్టి, పుస్తకాలను మధ్యకు తెరిచి దాని మీద వేలాడదీస్తే అట్టమీది బొమ్మ ఎదురుగా కనిపిస్తుంది. వెన్ను మాత్రమే కనిపించేలా నిలువుగా సర్దిన పుస్తకం చదవడం రాని పిల్లలకు ఏమీ చెప్పదు. పారదర్శక టేపు, సూది, గట్టి దారం ఒక డబ్బాలో పెట్టి ఇవ్వండి. మూడో తరగతి పిల్లలకు చూపిస్తే అతికించడం, కుట్టడం వాళ్లే శ్రద్ధగా చేసుకుంటారు.

అపోహ: బడి గ్రంథాలయానికి ఇస్తే చాలు, పిల్లలకు విడిగా ఇవ్వనక్కర్లేదు.

వాస్తవం: రెండూ కావాలి. ఒకదాని పని మరొకటి చేయలేదు. వాషింగ్టన్‌లో బడి పిల్లలకు చదువులో సాయపడుతున్న మార్గరెట్ మెక్‌నమారా ఇంటి నుంచి పుస్తకాలు తీసుకెళ్లినప్పుడు, అవి తమ దగ్గరే ఉంచుకోవచ్చని తెలిసి పిల్లలు పొందిన సంబరమే 1966లో రీడింగ్ ఈజ్ ఫండమెంటల్ సంస్థ పుట్టుకకు కారణమైంది. అలాగే అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలోని సవానాలో 1992లో ఆనీ ప్లమర్ అనే మహిళ తన ఇంటి దగ్గరి బడి పిల్లలకు 50 నిఘంటువులు పంచారు. ఆమె స్ఫూర్తితో వచ్చిన డిక్షనరీ ప్రాజెక్ట్ కింద రోటరీ వంటి సేవా క్లబ్బులు మూడో తరగతి పిల్లలకు తలా ఒక నిఘంటువు ఇస్తున్నాయి. ఆ పుస్తకం బడిది కాదు, ఆ పిల్లవాడిది.

మొదటి పేజీ గురించి ఒక మాట. చాలా బృందాలు అక్కడ తమ ముద్ర వేస్తాయి. ఆ పేజీని పిల్లలకు వదిలేయండి. "ఈ పుస్తకం నాది" అన్న మాట అచ్చువేసిన చీటీ అంటించి, కింద ఖాళీ గీత ఉంచితే చాలు. పేరు రాయడం అప్పుడే నేర్చిన పిల్ల ఆ గీత మీద ఎంతసేపు కష్టపడుతుందో చూడాలి. సంఘం పేరు వెనక అట్ట మీద చిన్నగా ఉన్నా తప్పేమీ లేదు.

అపోహ: పైకి రావాలంటే ఇంగ్లీషు పుస్తకాలే ఇవ్వాలి.

వాస్తవం: ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం కుదిరితే ఆ నేర్పు మరో భాషకు కూడా అక్కరకొస్తుంది. అర్థం కాని భాషలో మొదలుపెడితే అక్షరాలకు శబ్దం వస్తుంది, కథ మాత్రం రాదు. ఇంటి భాషలో ముందు, ఆపైన రెండు భాషల్లో ఎదురెదురు పేజీలున్నవి, ఆ తరువాత ఇంగ్లీషు అన్నది మేము పాటించే వరుస. దొరకడం లేదన్న బాధ కూడా ఇప్పుడు కొంత తగ్గింది. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఎన్నో భాషల పిల్లల కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకుని పంచవచ్చు.

బాలసాహిత్య పరిశోధకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసినట్టు, పుస్తకం పిల్లలకు తమను తాము చూసుకునే అద్దమూ కావాలి, ఇతరుల లోకాన్ని చూసే కిటికీ కూడా కావాలి. తమలాంటి ఇల్లు, తమలాంటి మనుషులు ఒక్క పుస్తకంలోనూ కనిపించకపోతే చదువు వేరెవరి కోసమో అనుకుంటారు.

అపోహ: ఫొటోలు లేకపోతే దాతలు ముందుకు రారు.

వాస్తవం: వస్తారు. పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టి, పుస్తకం ఒక చెయ్యి, దాత ఒక చెయ్యి పట్టుకున్న ఫొటో బదులు నలిగిన పుస్తకాల అర ఫొటో పంపండి, చాలు. పేద పిల్లలను ఏరి వారికి మాత్రమే ఇవ్వడం కూడా వద్దు. తరగతిలో అందరికీ ఇవ్వండి.

అపోహ: ఇచ్చేశాం, మన పని అయిపోయింది.

వాస్తవం: పక్కన కూర్చుని చదివి వినిపించే పెద్దవారు లేకపోతే చాలా పుస్తకాలు బొమ్మలు చూడడంతోనే ఆగిపోతాయి. వారానికి ఒక గంట బడికి వెళ్లి కథ చదివే సభ్యులు ఇద్దరు దొరికితే, నా దృష్టిలో అది మరో పెట్టె పుస్తకాల కన్నా ఎక్కువ. టీచరు అనుమతి, బడి నియమాలు ముందే మాట్లాడుకోవాలి. మధ్యలో మానేయని వారినే పంపాలి, ఎందుకంటే పిల్లలు ఎదురుచూస్తారు.

మూడు నాలుగు నెలలయ్యాక మళ్లీ వెళ్లండి. ఎన్ని మిగిలాయని అడగవద్దు, ఏవి నలిగాయో చూడండి. అంచులు మెత్తబడినవి, టేపు పడినవి రాసుకుని, తరువాతి విడతలో అటువంటివే తీసుకెళ్లండి. ఒక్క మడత కూడా పడనివాటిని టీచరుతో మాట్లాడి వెనక్కి తెచ్చుకుని మరో తరగతికో మరో బడికో మార్చండి. రెండో తరగతిలో ఎవరూ ముట్టని పుస్తకం నాలుగో తరగతిలో మొదటి రోజే ఎవరి సంచిలోకైనా వెళ్లిపోవచ్చు.