చూసి అర్థం చేసుకుంటే వచ్చినట్లేనా? సైన్సు, గణితం చదువుపై అపోహలు - వాస్తవాలు

“ఇంట్లో అడిగితే అన్నీ చెబుతాడు, పరీక్షలో కూర్చుంటే మాత్రం ఏమీ గుర్తురాదంటాడు” అనే మాటను సైన్సు, గణితం బోధించేవారు పరీక్షల కాలంలో వినని ఏడాది ఉండదు. ఆ వెంటనే కారణాలు కూడా వరుసకడతాయి: జ్ఞాపకశక్తి తక్కువని, ఏకాగ్రత లేదని, పరీక్షంటే భయమని, గణితం తమ వంశంలోనే లేదని. వీటిలో భయం కొందరి విషయంలో నిజమే. మిగిలినవి చాలావరకు ఎవరో అన్న మాటను మరొకరు మోసుకొచ్చినవి. నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఈ జాబితాలో అసలు కనిపించదు, పైగా అది సోమరిని కాక కష్టపడే విద్యార్థినే ఎక్కువగా దెబ్బతీస్తుంది.

అపోహ: చదివినప్పుడు అర్థమైతే, ప్రయోగాన్ని కళ్లారా చూస్తే, ఆ పాఠం వచ్చినట్లే.

వాస్తవం: పుస్తకం తెరిచి ఉండగా కలిగే “అర్థమైంది” అనే నమ్మకం ఆ పేజీతో పెరిగిన పరిచయం వల్ల పుడుతుంది. సాధించి ఉన్న లెక్కను చదువుతున్నప్పుడు ప్రతి మెట్టూ దాని ముందున్న మెట్టు నుంచి సహజంగా వచ్చినట్లే తోస్తుంది, ఎందుకంటే తరువాత ఏం చేయాలన్న నిర్ణయాన్ని మన తరఫున వేరొకరు అప్పటికే తీసుకున్నారు. పరీక్షలో ఆ నిర్ణయమే విద్యార్థి తీసుకోవలసి వస్తుంది.

హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కళాశాల విద్యార్థులు ఒక చిన్న పాఠ్యభాగాన్ని చదివిన తరువాత కొందరు దాన్నే మళ్లీ చదివారు, మరికొందరు దాన్ని పక్కనపెట్టి గుర్తున్నంత మేరకు కాగితంపై రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారు సగటున 81 శాతం, రాసినవారు 75 శాతం గుర్తుతెచ్చుకున్నారు. వారం తరువాత పరీక్షిస్తే మాత్రం మళ్లీ చదివినవారిది 42 శాతానికి పడిపోగా, రాసినవారిది 56 శాతం దగ్గర నిలిచింది. చదివి పుస్తకం మూసిన వెంటనే అమ్మో నాన్నో అడిగితే పిల్లవాడు గడగడా చెప్పడం, వారాల తరువాత అదే ప్రశ్న ముందు తెల్లమొహం వేయడం ఈ లెక్కతో చూస్తే వింతేమీ కాదు. కాబట్టి తల్లిదండ్రులు అడగదలచుకుంటే చదివిన గంటలోపు కాకుండా మరునాడో, మూడు రోజుల తరువాతో అడగాలి. అప్పుడు తడబడితే కోప్పడకూడదు, ఎందుకంటే ఆ తడబాటు తరువాతే జ్ఞాపకం గట్టిపడుతుంది.

గణితంలో ఈ భ్రమ మరింత లోతుగా దాగి ఉంటుంది. వర్గ సమీకరణాలు “పూర్తిగా వచ్చు” అని చెప్పిన ఒక అమ్మాయి నోటుపుస్తకంలో కారణాంకాల పద్ధతి లెక్కలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. (ఎక్స్ − 2)(ఎక్స్ − 3) = 0 అని ఇస్తే క్షణంలో 2, 3 అని చెప్పింది. కుడివైపున్న 0 స్థానంలో 2 పెట్టి మళ్లీ అడిగితే, అంతే నమ్మకంతో ఎక్స్ − 2 = 2, ఎక్స్ − 3 = 2 అని రాసి 4, 5 అని జవాబు ఇచ్చింది. ఆ 5ను సమీకరణంలో ప్రతిక్షేపిస్తే ఎడమవైపు 6 వస్తుంది, అంటే అది మూలం కాదు. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో కనీసం ఒకటి సున్నా అయి తీరాలన్న ఒక్క విషయంపైనే ఆ పద్ధతి మొత్తం నిలబడిందని, లబ్ధం 2 అయినప్పుడు అలాంటి హామీ ఏదీ లేదని ఆమె ఎన్నడూ తనంతట తాను చెప్పుకోవలసిన అవసరం రాలేదు. బ్రాకెట్లు విప్పి, పదాలన్నిటినీ ఒకవైపుకు తెచ్చి సాధిస్తే 1, 4 వస్తాయి. ఆ పని ఆమె తరువాత ఎవరి సాయమూ లేకుండానే చేసింది. తెలివికి లోటు లేదు, శ్రమకు లోటు లేదు. ఆమె అభ్యాసం చేసిన ప్రతి లెక్కలోనూ కుడివైపు సున్నాయే ఉంది, అంతే.

ప్రయోగాలకు కూడా ఇదే వర్తిస్తుంది, అయితే దీన్ని చెబితే ఉత్సాహవంతులైన ఉపాధ్యాయులకు కొంచెం కష్టంగా ఉంటుంది. ప్రయోగం చేసి చూపిస్తే చాలు, పిల్లలకు భావన దానంతట అదే తెలిసిపోతుందని మనలో చాలామంది నమ్మకం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కాథరిన్ క్రౌచ్, ఎరిక్ మజూర్ తదితరులు 2004లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులకు దాన్ని చూడనివారికంటే పెద్దగా ఎక్కువ అర్థం కాలేదు. ఏం జరుగుతుందో ముందుగా ఊహించి చెప్పి, ఆ తరువాత చూసినవారు మాత్రం స్పష్టంగా మెరుగుపడ్డారు.

అందుకే అంచనా కాగితంపైకి రాకుండా నేను ఏ పరికరాన్నీ ముట్టుకోనివ్వను. నీళ్లున్న పళ్లెంలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి దానిపై గాజు గ్లాసు బోర్లిస్తే, జ్వాల ఆరిపోయి గ్లాసులోకి నీళ్లు ఎక్కే ప్రయోగం అందరికీ తెలిసిందే. ఆక్సిజన్ ఖర్చయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయన్న వివరణ కూడా పిల్లలకే కాదు, పెద్దలకూ కంఠతా వచ్చు. నేను దానితో వాదించను. ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీటిమట్టం అంతే పెరుగుతుందా, ఎక్కువ పెరుగుతుందా అని అడిగి, జవాబూ కారణమూ రాశాకే అగ్గిపుల్ల గీస్తాను. ఆక్సిజన్ వివరణే సరైనదైతే, గ్లాసు అదే కనుక, మట్టం కూడా అంతే ఉండాలి. కానీ మూడు కొవ్వొత్తులకు నీళ్లు స్పష్టంగా ఎక్కువ ఎత్తుకు చేరతాయి, అదీ ఎక్కువ భాగం జ్వాల ఆరిన తరువాతే. గ్లాసు బోర్లించేటప్పుడు లోపలి గాలి వేడికి వ్యాకోచించి కొంత బయటకు పోవడం, మిగిలినది చల్లబడి పీడనం తగ్గడం ఇందుకు ప్రధాన కారణాలు. గాలిలో సుమారు 21 శాతం ఉండే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం జ్వాల ఆరే సమయానికి ఇంకా లోపలే ఉంటుంది. తన అంచనా తప్పిన విద్యార్థి ఈ వివరణను ఎంత శ్రద్ధగా వింటాడో, ఏ అంచనా లేకుండా చూసినవాడు అంత నిర్లక్ష్యంగా తల ఊపుతాడు.

అపోహ: ప్రయోగంలో పుస్తకంలోని విలువే రావాలి, రాకపోతే ప్రయోగం విఫలమైనట్లు.

వాస్తవం: ఈ భయంతోనే పిల్లలు రికార్డుల్లో అంకెలు దిద్దుతారు. మీటరు పొడవున్న లఘులోలకం (దారానికి వేలాడే చిన్న బరువు) ఆవర్తన కాలం, అంటే అది ఒకసారి పూర్తిగా అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం, సుమారు 2 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకన్ల తేడా వచ్చిందనుకుంటే, ఒకే డోలనాన్ని కొలిచినవారి ఆవర్తన కాలంలో 10 శాతం దోషం ఉంటుంది. గురుత్వ త్వరణం లెక్కలో ఆవర్తన కాలం వర్గమవుతుంది కాబట్టి అక్కడ ఆ దోషం దాదాపు 20 శాతానికి చేరుతుంది. అదే 20 డోలనాలకు పట్టిన 40 సెకన్లను కొలిచి భాగిస్తే, ఆ 0.2 సెకన్లు అర శాతమే అవుతాయి, త్వరణంలో దోషం 1 శాతం దగ్గర ఆగుతుంది. అంటే గురుత్వ త్వరణానికి పుస్తకంలోని 9.8 కాక 9.7 వచ్చినవారి ప్రయోగం చక్కగా సాగినట్లే. ప్రతి పట్టికలోనూ 9.8 ఉన్న రికార్డును చూస్తే నాకు అనుమానమే తప్ప ఆనందం కలగదు. దోషం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంతవరకు రావచ్చో చెప్పగలిగిన విద్యార్థి మౌఖిక పరీక్షలో తడబడడు.

అపోహ: ఒక అధ్యాయం లెక్కలన్నీ వరుసగా చేసేస్తే ఆ అధ్యాయం పూర్తయినట్లే.

వాస్తవం: అధ్యాయం పేరే అక్కడ పద్ధతిని చెప్పేస్తుంది, ప్రశ్నపత్రంలో ఆ పేరు ఉండదు. ఒక పద్ధతి పరిచయమయ్యేవరకు ఒకే రకం లెక్కలు చేయడం మంచిదే. ఆ తరువాత నాలుగైదు అధ్యాయాల నుంచి కలిపి, క్రమం లేకుండా చేయాలి. అలా చేసినప్పుడు వేగం తగ్గి తప్పులు పెరుగుతాయి, దాంతో చదువు వెనకబడుతోందని బెంగ కలుగుతుంది. ఆ బెంగ నాకు అర్థమవుతుంది, కానీ దానికి లొంగి మళ్లీ సులువైన వరుసలోకి వెళ్లకూడదు.

మిగిలిన అపోహలకు ఎక్కువ సమయం అక్కర్లేదు. చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు అంటూ పిల్లలను విడదీసి వారికి తగినట్లు బోధిస్తే ఫలితం పెరుగుతుందన్న వాదనకు 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం జరిపిన సమీక్షలో తగిన ఆధారం దొరకలేదు. పరీక్ష ముందు రాత్రంతా మేలుకోవడం వల్ల చదివిందీ నిలవదు, లెక్కలో ప్లస్, మైనస్ గుర్తులు కూడా తారుమారవుతాయి. ప్రయోగాలకు ఖరీదైన సామగ్రి కావాలన్నది కూడా వట్టి మాట. దారం, బరువు, స్కేలు, కటకం, బ్యాటరీ, తీగలతో ఎంతో చేయవచ్చు. అయితే అంతర్జాలంలో చూసిన రసాయన ప్రయోగాలను పెద్దలు దగ్గర లేకుండా చేయనివ్వకండి: బ్లీచింగ్ పదార్థాలతో ఆమ్లం కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వెలువడుతుంది, గాఢ ఆమ్లాన్ని పలుచన చేయాలంటే ఆమ్లాన్నే నీటిలోకి కొద్దికొద్దిగా కలపాలి తప్ప నీటిని ఆమ్లంలో పోయకూడదు.

ఇక పరీక్షలు దగ్గరపడి, ఇప్పటివరకు చదువుతూ పోవడమే పునశ్చరణ అనుకున్నవారు కంగారు పడనక్కర్లేదు, ఎందుకంటే చదివింది వృథా కాలేదు, దాన్ని బయటకు తీసే అభ్యాసమే మిగిలింది. ఒక అధ్యాయం పేరు రాసి, పుస్తకం మూసి, గుర్తున్న సూత్రాలు, అవి ఏ షరతుల్లో పనిచేస్తాయో, పటాలు, ప్రమాణాలు అన్నీ ఖాళీ కాగితంపై రాయండి. తరువాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు సిరాతో చేర్చండి. మరునాడు ఆ వేరే రంగులో ఉన్నవాటితోనే మొదలుపెట్టండి. పాత ప్రశ్నపత్రాలను జవాబులు పక్కన పెట్టుకుని “చూడటం” మానేసి, గడియారం పెట్టుకుని రాయండి. రాని ప్రశ్న దగ్గర కనీసం ఇచ్చిన దత్తాంశం, కావలసిన రాశి, రెండిటినీ కలిపే సూత్రం ఏదై ఉండవచ్చో రాసిన తరువాతే జవాబు తెరవండి. ప్రాక్టికల్ పరీక్షకు అయితే ప్రతి ప్రయోగానికీ పట్టిక శీర్షికలను, గ్రాఫులో ఏ అక్షంపై ఏది ఉంటుందో, ఆ గీత వాలు దేన్ని సూచిస్తుందో చూడకుండా రాయగలిగితే సగం పని అయినట్లే. జాగ్రత్తలను కంఠతా పట్టే బదులు, ఒక్కొక్క జాగ్రత్త పాటించకపోతే ఏ కొలత ఎటువైపు మారుతుందో పక్కనే రాసుకోండి.