కొబ్బరి డొక్క వెనక్కి ఎందుకు వచ్చింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మీరు స్లూయిజ్ (కాలవకి అడ్డంగా కట్టిన తలుపుల కట్టడం) దిగువన గట్టు మీద నిలబడి, డ్రెయిన్లోకి, అంటే మురుగు కాలవలోకి, ఒక కొబ్బరి డొక్క విసిరారు గుర్తుందా? అది సముద్రం వైపు పోతుందని అందరూ అనుకున్నారు. కాసేపు కదలకుండా నిలబడి, తర్వాత మెల్లగా ఊరివైపు రావడం మొదలుపెట్టింది. “తాతయ్యా, కాలవ వెనక్కి పారుతోందేంటి?” అని మీలో చిన్నది అడిగింది. ఇంతలో భోజనాలకు పిలుపొచ్చి, సగమే చెప్పాను. నా 32 ఏళ్ల ఉద్యోగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మన డెల్టాలో రెండు రకాల కాలవలున్నాయి. పంట కాలవ నీళ్లు తెస్తుంది, మురుగు కాలవ తీసుకుపోతుంది. మురుగు అంటే మీ సిటీలో మూత వేసిన డ్రైనేజీ లాంటిది అనుకోకండి. చేలో ఎక్కువైన వాన నీటిని, పంట కాలవ మిగులు నీటిని ఇక్కడ మురుగు అంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఊరూరా కాటన్ దొర విగ్రహం చూస్తుంటారు కదా, ఆయన తెచ్చిన నీరు ఈ నేలకు అన్నం పెట్టింది. అయితే వచ్చిన నీటికి పోయే దారి కూడా ఉండాలి. ఆ రెండో పనికి చాలా ఏళ్లపాటు తగినంత శ్రద్ధ దక్కలేదు. 1964లో పెద్ద ముంపు వచ్చాక, దాన్ని తగ్గించే దారి చెప్పమని మిత్ర కమిటీ వేశారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు కాలవల బాగు కోసం రైతుల నుంచి డ్రైనేజీ సెస్సు వసూలు చేసేలా ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు.

అసలు చిక్కంతా వాలు దగ్గరుంది. డెల్టా నేల సుమారుగా మైలుకి ఒక అడుగు వాలుతుంది. ఆ లెక్కన 8 మైళ్ల దూరానికి 8 అడుగులు, అంటే మన మేడ మెట్లలో పదహారు. తీరం దగ్గర అదీ ఉండదు. పోటు వచ్చినప్పుడు సముద్రమే మీటరు, మీటరున్నర పైకి లేస్తుంది. అప్పుడు కాలవ నీటి కన్నా సముద్రం ఎత్తున ఉంటుంది. మీ డొక్క వెనక్కి వచ్చింది అందుకే.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం, పెన్సిల్ తీయండి. ఒక ఎకరంలో 10 సెంటీమీటర్ల వాన పడితే అది సుమారు 4 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో మోస్తే 80 ట్యాంకర్లు. వెయ్యి ఎకరాలకు 40 కోట్ల లీటర్లు. కొత్తగా నాట్లు వేసిన చేను మూడు నాలుగు రోజులకు మించి తల మునిగి ఉంటే కుళ్లడం మొదలవుతుంది. కాబట్టి ఆ నీరంతా మూడు రోజుల్లో పోవాలి. రాత్రీ పగలూ పారితే సెకనుకి సుమారు 1,540 లీటర్లు పోతే చాలు. కానీ రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, ఆ వేళ తలుపులు మూసుకోవాలి. మనకు దొరికేది సగం సమయమే. అందుకని కాలవ దాదాపు రెట్టింపు మోయగలగాలి. మురుగు కాలవ అంత వెడల్పు ఎందుకని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇది. వెడల్పు తగ్గించి గట్టు ఆక్రమించినా, గుర్రపుడెక్క, తూడు పెరిగి సగం కప్పేసినా, మనకు మిగిలిన ఆ సగం సమయం కూడా పోతుంది.

స్లూయిజ్ తలుపులు కొన్ని వాటంతట అవే పనిచేస్తాయి. సముద్రం వైపు నీరు ఎక్కువైతే మూసుకుంటాయి, తగ్గితే తెరుచుకుంటాయి. మిగతావాటికి స్క్రూ తిప్పి షట్టరు ఎత్తే మనిషి కావాలి. పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆ మనిషి పనివేళ కూడా రోజూ జరుగుతూ ఉంటుంది. ఈ రోజు రాత్రి పదికి ఎత్తితే రేపు దాదాపు పదకొండుకి. వర్షంలో, చీకట్లో, పాములు తిరిగే గట్టు మీద ఆ పని చేసే లస్కర్ల దగ్గర నేను నేర్చుకున్నది కాలేజీలో నేర్చుకున్నదానికి తక్కువ కాదు.

నేను చేసిన తప్పు కూడా మీకు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక ఊళ్లో చేలు మునుగుతున్నాయని, కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర పూడిక తీయించి, లోతు చేయించి, అడ్డొచ్చిన వంపును తిన్నగా కొట్టించాను. ఆ ఏడు వానలకు నీరు రెండు రోజుల్లో దిగిపోయింది. ఊరంతా మెచ్చుకుంది. తర్వాతి ఏప్రిల్లో ఒక పెద్దాయన చెంబుతో తన నూతి నీళ్లు తెచ్చి, “కాస్త తాగి చెప్పండి బాబూ” అన్నారు. ఉప్పు కషాయం. నేను నీటికి పోయే దారి వేశాను, అదే దారిన వేసవి పోటు లోపలికి వచ్చింది. ఇన్నాళ్లూ ఆ పూడిక, ఆ వంపు మంచినీటిని ఆపినట్టే ఉప్పునీటినీ ఆపాయి. పూడిక తీయడం తప్పు కాదు, తలుపు లేకుండా తీయడం తప్పు. స్లూయిజ్ మంజూరు చేయించి కట్టించేసరికి రెండేళ్లు పట్టింది. ఆలోగా ఆయన కొబ్బరి తోటలో పిందెలు రాలిపోయాయి. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ పక్కన తలలు ఎండిన కొబ్బరి చెట్ల ఫోటోలు పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఆ చెంబే గుర్తొస్తుంది.

ఆ తర్వాత నా జీపులో ఎప్పుడూ రాయి కట్టిన సీసా ఒకటి ఉండేది. ఉప్పునీరు బరువు కాబట్టి కాలవ అడుగున పాకుతూ వస్తుంది. పైన దోసిలితో తీసి రుచి చూస్తే చప్పగానే ఉంటుంది. అడుగు నుంచి తీస్తేనే నిజం తెలుస్తుంది.

ఇక సముద్రం ఒడ్డు సంగతి. మన తీరాన అలలు తిన్నగా కాకుండా ఏటవాలుగా తాకుతాయి. దాంతో ఇసుక ఒడ్డు వెంట నడుస్తూ ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికే నడక. దానికి అడ్డంగా గోడ కడితే ఒక పక్క ఇసుక పోగవుతుంది, రెండో పక్క ఒడ్డు తెగుతుంది. మద్రాసు రేవు కట్టాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం లోపలికొచ్చింది. విశాఖ రేవు తొలినాళ్లలో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. దాని చాటున చేరిన ఇసుకను తవ్వి ఉత్తరం ఒడ్డుకు చేర్చే ఏర్పాటు చేశారు. రామకృష్ణా బీచ్‌కి ఇప్పటికీ అలా ఇసుక పోయాల్సి వస్తోంది. ఇసుక నడకను ఆపినవాళ్లే దాన్ని అవతలికి చేర్చాలన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది.

కాకినాడ దగ్గర ఉప్పాడలో రాళ్లు పోశారు, జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాలు, పేర్చారు. అయినా రోడ్డు కోతకు గురవుతూనే ఉంది. అల గోడను కొట్టి వెనక్కి పోయేటప్పుడు గోడ పాదం దగ్గర ఇసుకను లాక్కుపోతుంది. పాదం కింద గుల్లయ్యాక ఎంత పెద్ద రాయైనా జారిపోతుంది. గోడ వద్దని నేననను. ఇళ్లు పడిపోతున్నప్పుడు ఏదో ఒకటి వెంటనే చేయాల్సిందే. కానీ కట్టేముందు ఇక్కడ ఆగిన ఇసుక ఎవరి ఒడ్డుది అని అడగాలి. పైన నదుల మీద కట్టిన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోంది. ఆ ఒండ్రుతో పెరిగిన నేల మనది, దానికి ఇప్పుడు తిండి తగ్గింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. పది వేల మందికి పైగా పోయారు. కొద్ది రోజులకు స్నేహితులతో కలిసి సహాయానికి వెళ్లాను. గంటల్లో వచ్చిపడిన ఉప్పునీరు రోజుల తరబడి చేలల్లో నిలబడే ఉంది, గట్లు దాన్ని పోనివ్వలేదు. బ్రిడ్జిలు కట్టాలని కాలేజీలో చేరినవాణ్ని ఈ శాఖలోకి రావడానికి కారణం ఆ నీరే.

దసరా సెలవులు మహాలయ అమావాస్యకి దగ్గర్లోనే మొదలవుతాయి. అప్పుడు పోటు బాగా లేస్తుంది. స్లూయిజ్ దగ్గర సరుగుడు కర్ర పాతి, బెత్తెడు బెత్తెడుకి రంగు గుర్తులు పెట్టిస్తాను. గంటకోసారి నీటిమట్టం రాసుకుందాం, పొద్దున్నుంచి రాత్రి దాకా. నోటు పుస్తకం, టార్చిలైటు తెచ్చుకోండి. మూత గట్టిగా బిగిసే సీసా ఒకటి కూడా.

మీ తాతయ్య