మూడున్నర రూపాయల వడ్డీ

మన ఊళ్ళలో వడ్డీని శాతాల్లో చెప్పరు, "నూటికి రెండు రూపాయలు" అంటారు. అంటే నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. మూడు రూపాయల వడ్డీ అంటే బడి ముఖం చూడని పెద్దవాళ్ళు కూడా అమ్మో అంటారు. అదే ఇంట్లో మనవడు క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం కడుతుంటాడు. అది మూడున్నర రూపాయల వడ్డీ అని తట్టదు, బిల్లులో అతని కళ్ళు వెతికేది "మినిమమ్ డ్యూ" అంకెనే, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తాన్నే కాబట్టి.

బాకీ 50,000 అనుకుందాం. వడ్డీ 3.5 శాతం, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కొత్తగా ఏమీ కొనకుండా నెలనెలా మినిమమ్ డ్యూ కింద బాకీలో 5 శాతమే కడితే, ఏడాదిలో కట్టేది దాదాపు 29,500. తగ్గే అప్పు మాత్రం సుమారు 6,100!

ఇలాంటి లెక్క బడిలోనే నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ తెలిస్తే చాలదు. 201 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2014లో వచ్చింది. డబ్బు విషయంలో మనుషుల నడవడికలో కనిపించే తేడాల్లో ఆర్థిక పాఠాలు వివరించగలిగింది 0.1 శాతమేనని, అదీ కాలం గడిచేకొద్దీ చెరిగిపోతుందని తేలింది. 2022లో 76 ప్రయోగాలను పరిశీలించినవారికి ఇంతకంటే మంచి ఫలితాలే కనిపించాయి. పాఠం దండగ కాదన్నమాట. కానీ తెలిసినదాన్ని జీతం పడిన రోజున పాటించడానికి ఇంకోటి కావాలి, అది నిగ్రహం.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువున్నవారికి 32 ఏళ్ళకు పొదుపు తక్కువ, అప్పుల చిక్కులు ఎక్కువ. తెలివిని, పుట్టిన ఇంటి స్థితిని లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పోలేదు.

దీన్ని పట్టుకుని పేదవాళ్ళకు నిగ్రహం లేదని తీర్పు చెప్పేవాళ్ళంటే నాకు కోపం. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, పంట డబ్బు అందాక ఒకసారి ఆలోచనా పరీక్షలు పెట్టారు. అదే మనిషి, చేతిలో డబ్బు లేని రోజుల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. టెన్షన్ బుర్రను తినేస్తుంటే నిగ్రహానికి చోటెక్కడ?

అందుకే నిగ్రహాన్ని మనసుకే వదిలేయకుండా బయట కట్టుబాటు పెట్టుకోవడం మేలు. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు, అనుకున్న తేదీ వచ్చేదాకానో, అనుకున్న మొత్తం కూడేదాకానో డబ్బు తీయడానికి వీల్లేని ఖాతా ఇస్తామంది. అడిగిన 710 మందిలో 202 మంది చేరారు. ఆడవాళ్ళలో, ఈరోజు ఖర్చుకు తేలిగ్గా లొంగేవారే ఎక్కువగా ముందుకొచ్చారు. తమ బలహీనత తమకు తెలుసు కాబట్టే తాళం కోరుకున్నారనిపిస్తుంది.

మన చీటీలు చేసే పని కూడా ఇదే. బ్యాంకులో దాచుకున్నది పండగ సేల్ రాగానే తీసేస్తాం. చీటీ డబ్బు మాత్రం ఎలాగైనా కడతాం, పక్కింటివాళ్ళ ముందు మాట పోకూడదని. కానీ ఆ చీటీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో చూసుకోవడానికి, పాటలో వదులుకున్న సొమ్ము నూటికి ఎన్ని రూపాయల వడ్డీతో సమానమో కట్టి చూడటానికి మళ్ళీ ఆ పెద్దవాళ్ళ లెక్కే కావాలి.