ఆదర్శ లోకం కథలు: అపోహలు - వాస్తవాలు

సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తాను, అనంతపురంలో కాలేజీ పిల్లల చేత రాయిస్తుంటాను కూడా. ఆదర్శ లోకం మీద రాయమంటే చాలామంది ఒకే కథ పట్టుకొస్తారు: 3000వ సంవత్సరం, దొంగల్లేరు, కులాల్లేవు, అందరూ నవ్వుతూ తిరుగుతుంటారు. ఈ కథల చుట్టూ అపోహలు బాగానే ఉన్నాయి.

అపోహ: అక్కడి మనుషులంతా మంచోళ్లు.

వాస్తవం: మనుషులు మనలాంటోళ్లే, మారేది ఏర్పాటు. మా వీధికి ట్యాంకర్ రాకముందే బిందెలు వరుసకడతాయి, బిందె లేకుంటే ఒక రాయి పెట్టి పోతారు, ఆ రాయిని ఎవరూ జరపరు. అంత పద్ధతైన వాళ్లే పైపు తిప్పగానే జుట్లు పట్టుకుంటారు, చివరి బిందె దాకా నీళ్లొస్తాయన్న నమ్మకం లేక. ఆ నమ్మకం ఉంటే ఇదే వీధి ఎలా ఉంటుందో ఊహించడమే మా పని. బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా 1905లో ‘సుల్తానాస్ డ్రీమ్’ కథ రాశారు, అచ్చయింది మద్రాసు పత్రికలో, మన సీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. అందులో ఆడవాళ్లు బెలూన్‌కు పైపులు తగిలించి మేఘాల్లోంచి నీళ్లు పట్టుకుంటారు, ఎండ వేడితో వండుకుంటారు. మగవాళ్లేమో ఘోషాలో! తన కాలం పద్ధతిని ఆమె తిరగేసి చూపించారంతే, మగ పాఠకులకు అప్పుడు గాని ఉక్కపోత తెలియదు.

అపోహ: అక్కడ దేనికీ కరువుండదు.

వాస్తవం: అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1974 నవల ‘ది డిస్‌పొసెస్డ్’లో అనారెస్ అనే లోకం చూడండి. ఎండిపోయిన నేల, సొంత ఆస్తి లేదు, ప్రభుత్వమూ లేదు, ఉన్నది పంచుకుంటారు. కరువొచ్చినప్పుడు ఆ పంపకానికే పరీక్ష. పైగా పెత్తనమే లేదనుకున్న చోట నలుగురేమనుకుంటారో అన్న భయం పెత్తనం చేస్తుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వానతో బతికే జిల్లావాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అపోహ: ఇదంతా విదేశీ సరుకు.

వాస్తవం: కడప జిల్లా బ్రహ్మంగారి మఠం వైపు వాళ్లు కూడా ఈ మాటంటే నవ్వొస్తుంది. కాలజ్ఞానంలో కష్టాలన్నీ చెప్పాక వీరభోగ వసంతరాయలు వచ్చి ధర్మం నిలబెడతాడనే కదా ఉంది. కాకపోతే అక్కడ ఒకాయన రావాలి, మా కథల్లో ఎవరూ రారు, ఉన్నోళ్లే తంటాలు పడాలి.

అపోహ: రచయిత మనల్ని అక్కడికి రమ్మంటున్నాడు.

వాస్తవం: ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్ 1516లో ‘యుటోపియా’ అనే ఊహా దీవి గురించి రాశాడు. రోజుకు ఆరు గంటలే పని, బంగారమంటే లెక్కలేదు, మూత్రపు కుండలు దాంతోనే చేస్తారు. బానిసల సంకెళ్లు కూడా దాంతోనే. అవును, అక్కడ బానిసలున్నారు, పశువుల్ని కోసేదీ, వంటశాలలో మురికి పని చేసేదీ వాళ్లే. మోర్ అది దాచలేదు, చదివేవాళ్లే దాటేస్తారు. మా పిల్లలు ఆ చోట రోబోలను పెడుతున్నారు. రోబో చెడిపోతే ఎవరు బాగుచేస్తారమ్మా అంటే ఇంకో రోబో సార్ అంటారు.