పాత సెట్‌టాప్ బాక్స్ కొంటున్నారా? లైటు వెలిగిందని డబ్బులిచ్చేయకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

సెట్‌టాప్ బాక్సులు బాగుచేయడం నా పని. నా బల్ల మీదికి వచ్చేవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేవి చెడిపోయిన బాక్సులు కాదు, ఏమీ చెడిపోకుండానే పనికిరాని బాక్సులు. ఈమధ్య ఒక పెద్దాయన అలాంటిదే తెచ్చారు. బోర్డు శుభ్రంగా ఉంది, అడాప్టర్ బాగుంది, రిమోట్ కూడా పనిచేస్తోంది, కానీ ఆయన ఇంటికి వచ్చే సిగ్నల్‌ని చదవగలిగే బాక్సే కాదది. అమ్మినాయన ఆన్ చేసి చూపించాడట, లైటు వెలిగిందట, మెనూ వచ్చిందట, దాంతో ఈయన డబ్బులిచ్చి తెచ్చుకున్నారు. దాన్ని నేనే కాదు, ఎవరూ బాగుచేయలేరు.

సెకండ్ హ్యాండ్ కొనొద్దని నేను చెప్పను. చూసి కొంటే రిఫర్బిష్డ్ (పాతదాన్ని బాగుచేసి మళ్ళీ అమ్మే) బాక్స్ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, మంచి వస్తువొకటి చెత్తకుప్పలోకి పోకుండా మిగులుతుంది కూడా. ఏం చూడాలో తెలియకే చాలామంది నష్టపోతున్నారు.

అపోహ: డిజిటల్ బాక్స్ అంటే ఏదైనా ఒకటే, చవగ్గా ఏది దొరికితే అది కొనొచ్చు.

అస్సలు కాదు. సిగ్నల్ మీ ఇంటికి ఏ దారిలో వస్తోందో ముందు తేల్చుకోండి: ఇంటిపైన యాంటెన్నాకా, డిష్‌కా, కేబుల్ తీగలోనా? ఈ మూడింటికీ బాక్సులు వేరు. దారి ఒకటే అయినా తరాలు వేరు. యాంటెన్నా ప్రసారాలకు డీవీబీ-టీ అనే ప్రమాణం 1997లో వచ్చింది, దాని తర్వాతి తరం డీవీబీ-టీ2 2009లో వచ్చింది. కొత్త బాక్స్ సాధారణంగా పాత సిగ్నల్‌ని కూడా పట్టుకుంటుంది గానీ పాత బాక్స్ కొత్త సిగ్నల్‌ని పట్టుకోలేదు. డిష్ వైపు డీవీబీ-ఎస్, 2005లో వచ్చిన డీవీబీ-ఎస్2 మధ్య కూడా ఇదే గొడవ. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, సిగ్నల్‌ని విడదీసే పని బోర్డు మీది చిప్పుది, అది చేయలేని పనిని ఏ అప్‌డేటూ దానికి నేర్పలేదు. అమెరికా వాడే ఏటీఎస్‌సీ, జపాన్ వాడే ఐఎస్‌డీబీ అయితే అసలు వేరే కుటుంబాలు, కాబట్టి వేరే దేశం నుంచి బంధువులు తెచ్చిన బాక్స్ ఎంత మంచిదైనా మీ దగ్గర పెట్టెగానే మిగిలిపోవచ్చు.

సిగ్నల్ పట్టుకోవడంతో పని అయిపోదు. అందులో బొమ్మను ఏ పద్ధతిలో కుదించి పంపారన్నది ఇంకో మెట్టు. మొదట ఎంపెగ్-2, తర్వాత 2003లో ఎంపెగ్-4 లేదా హెచ్.264, ఆ తర్వాత 2013లో హెచ్‌ఈవీసీ. ఫ్రాన్స్ 2016 ఏప్రిల్‌లో యాంటెన్నా ప్రసారాలన్నిటినీ ఎంపెగ్-4కి మార్చేసరికి అంతకుముందరి ఎంపెగ్-2 బాక్సులు అక్కడ పనికిరాకుండా పోయాయి. జర్మనీ 2017 మార్చిలో డీవీబీ-టీ2కి, దాంతోపాటే హెచ్‌ఈవీసీకి మారడం మొదలుపెట్టింది, అక్కడ బాక్స్ మీద టీ2 అని ఉన్నా హెచ్‌ఈవీసీ లేకపోతే బొమ్మ రాదు. ఇలాంటి బాక్సును గుర్తుపట్టడం తేలికే: సిగ్నల్ నిండుగా చూపిస్తుంది, ఛానల్ పేరు వస్తుంది, ఒక్కోసారి మాట కూడా వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. సిగ్నల్ బాగాలేదని డిష్ తిప్పుతూ, యాంటెన్నా మారుస్తూ జనం రోజులకు రోజులు అవస్థ పడతారు. అక్కడ సిగ్నల్ తప్పేమీ లేదు.

అపోహ: కంపెనీ బాక్సే అయినా లాక్ తీయిస్తే అన్నీ వస్తాయి.

నెలనెలా డబ్బు కట్టే సర్వీసుల బాక్సుల్లో తాళం సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉండదు. తయారీ సమయంలోనే చిప్పులోకి రహస్య సంఖ్యలు ఎక్కించేస్తారు, చాలా బాక్సుల్లో ఛానళ్ళు చూడటానికి అనుమతినిచ్చే స్మార్ట్ కార్డును ఆ చిప్పుకే జత చేస్తారు. మీ కార్డు తీసి వేరే బాక్సులో పెట్టినా, వేరేవాళ్ళ కార్డు తెచ్చి ఇందులో పెట్టినా పనిచేయకపోవడం అందుకే. 'అన్‌లాక్ చేసి ఇస్తాం, అన్ని ఛానళ్ళూ ఉచితం' అని అమ్మేది దొంగదారి, చట్టప్రకారం నేరం కూడా. ఇవాళ నడిచినా, సర్వీసువాళ్ళు తాళాలు మార్చిన రోజున ఆగిపోతుంది. నష్టపోయేది డబ్బు పెట్టి కొన్న మీరే.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. ఇలాంటి బాక్సుల్లో కొన్ని ఇంటికి ఇచ్చినా కంపెనీ సొత్తుగానే ఉంటాయి, కనెక్షన్ తీసేశాక తిరిగి ఇచ్చేయాలి. అలా ఇవ్వకుండా అమ్మేసిన బాక్స్ మీ చేతికొస్తే దాన్ని మీ పేరు మీద ఆన్ చేయడానికి వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. అందుకే డబ్బు ఇవ్వకముందే బాక్స్ కింద ఉన్న సీరియల్ నంబర్ రాసుకుని, ఆ సర్వీసుకే ఫోన్ చేసి, ఇది మా కనెక్షన్‌కి ఎక్కుతుందా అని అడగండి. నంబర్ స్టిక్కర్ చింపేసి ఉందా, ఇక బేరం వద్దు.

అపోహ: రిఫర్బిష్డ్ అంటే లోపల పార్టులు మార్చి కొత్తదాన్లా చేసినట్టు.

ఈ మాటకు అందరూ ఒప్పుకున్న అర్థం లేదు. బోర్డు పరీక్షించి, బలహీనపడ్డ పార్టులు మార్చి, వారంటీ ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, పైడబ్బా తుడిచి కొత్త అట్టపెట్టెలో పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఏమేం మార్చారు అని సూటిగా అడగండి. నిజంగా పనిచేసినవాళ్ళకి జవాబు నోటి చివరే ఉంటుంది.

ఈ బాక్సుల్లో ముందు ముసలైపోయేవి పవర్ భాగంలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి పార్టులు. వీటిలో 105 డిగ్రీల వేడి దగ్గర 2000 గంటల ఆయుష్షు ఉండే రకం చాలా మామూలు. వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. ఆ లెక్కన లోపల 65 డిగ్రీలు ఉండే బాక్సులో 32000 గంటలు, అంటే రాత్రింబవళ్ళు కరెంటు మీదే ఉంటే మూడున్నరేళ్ళకు కాస్త ఎక్కువ. ఇది మోటు లెక్కే, కానీ గాలి ఆడని అల్మారాలో ఏళ్ళపాటు ఉన్న బాక్స్ ఎందుకు త్వరగా పోతుందో దీంతో అర్థమవుతుంది. మూత తీసి చూడనిస్తే కెపాసిటర్ల తలలు చూడండి, చదునుగా ఉండాలి. ఉబ్బినా, కింద గోధుమరంగు మరక కనిపించినా అవి పోయినట్టే. పార్టులు మార్చడం పెద్ద పనేం కాదు, కానీ ఆ పని చేయకుండానే దాన్ని రిఫర్బిష్డ్ అని అమ్మడం నాకు మోసంగానే అనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: మీరు వెళ్ళేసరికే ఆన్ చేసి పెట్టిన బాక్స్ చూసి తీసుకోకండి. కెపాసిటర్లు బలహీనపడ్డ బాక్స్ చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది, లైటు మినుకుమినుకుమని ఆగిపోతుంది, ఒకసారి వేడెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. కాసేపు ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, మీ ముందు ఆన్ చేయమనండి. ఇంటికి తెచ్చాక కూడా ఒక రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి, పొద్దున్నే పెట్టి చూడండి. వాపసు గడువు ఉండగానే ఇది చేయాలి.

అపోహ: పిన్ను పడితే చాలు, ఏ అడాప్టరైనా సరిపోతుంది.

పిన్ను పట్టడం వల్లే ఎన్ని బోర్డులు కాలిపోయాయో! 5 వోల్టుల బాక్సుకు 12 వోల్టులు గుచ్చితే చాలాసార్లు ఒక్క క్షణం చాలు. వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు, ప్లస్ మైనస్ గుర్తు బాక్స్ మీద ఉన్నట్టే ఉండాలి. బాక్సుతో వచ్చిన అడాప్టర్ దాని సొంతదేనా అని లేబుల్ కలిపి చూడండి. మల్టీమీటర్ పెడితే 12 చూపించింది కదా అంటారు కొందరు. లోడు లేనప్పుడు చూపిస్తుంది, బాక్స్ తగిలించాక పడిపోతుంది. బాక్స్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే నేను ముందు మార్చి చూసేది అడాప్టరే, చాలాసార్లు అక్కడితోనే టెన్షన్ తీరిపోతుంది.

అపోహ: ఒక ఛానల్ వచ్చిందంటే అన్నీ వస్తాయి.

డిష్ బాక్స్ కొనేవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే చిన్న పరికరానికి, కరెంటు ఇచ్చేది బాక్సే. మామూలు యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ అయితే 13 వోల్టులు ఇస్తే నిలువు తరంగాల మీది ఛానళ్ళు, 18 ఇస్తే అడ్డ తరంగాల మీది ఛానళ్ళు వస్తాయి. కింది ఫ్రీక్వెన్సీల బ్యాండు నుంచి పై బ్యాండుకు మారడానికి 22 కిలోహెర్ట్‌జ్ టోన్ పంపుతుంది. పాత బాక్సుల్లో 18 వోల్టులు రాకపోవడం తరచూ కనిపించే జబ్బు. సగం ఛానళ్ళు చక్కగా వస్తాయి, సగం నో సిగ్నల్. అమ్మేవాళ్ళు వచ్చేవాటిలో ఒకటి పెట్టి చూపిస్తారు, వాళ్ళకీ తెలియకపోవచ్చు. నిలువు, అడ్డం, ఒక్కోదానిలో కింది బ్యాండు, పై బ్యాండు, ఈ నాలుగు రకాల్లోనూ ఒక్కో ఛానల్ పెట్టించి చూడండి. యాంటెన్నా బాక్స్ అయితే అన్నిటికన్నా కింది ఫ్రీక్వెన్సీది ఒకటి, పైది ఒకటి చూడండి. స్ట్రెంగ్త్ గీత చూసి సంతోషించకండి, క్వాలిటీ గీత నిలకడగా ఉందో లేదో చూడండి, అది ఊగుతుంటే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరుగుతుంది. ఒక గంటైనా నడిపి చూస్తే వేడికి వచ్చే జబ్బులు కూడా బయటపడతాయి.

హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఉంది కాబట్టి హెచ్‌డీ బాక్సే అన్నది ఇంకో అపోహ. మామూలు బొమ్మనే సాగదీసి ఆ పోర్టు నుంచి పంపే బాక్సులున్నాయి, హెచ్‌డీ ఛానల్ పెట్టి చూడటమే దారి. మీ టీవీ పాతదైతే ఎరుపు, తెలుపు, పసుపు ఆడియో-వీడియో పిన్నులు బాక్సుకి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

అపోహ: ఇంటర్నెట్ ఉన్న ఆండ్రాయిడ్ బాక్స్ అయితే ఫ్యాక్టరీ రీసెట్ కొడితే శుభ్రమైపోతుంది.

రీసెట్ పాత యజమాని ఖాతాల్ని, పాస్‌వర్డుల్ని తుడుస్తుంది, అది తప్పక చేయాల్సిందే. కానీ ఫర్మ్‌వేర్‌లోనే (బాక్సును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌లోనే) దూరిన దొంగ ప్రోగ్రామును అది తీయలేదు, ఎందుకంటే రీసెట్ తిరిగి తెచ్చేది ఆ ఫర్మ్‌వేర్‌నే. ఇది భయపెట్టడానికి చెబుతున్నది కాదు. బ్యాడ్‌బాక్స్ అనే మాల్‌వేర్ ముందే ఎక్కించి ఉన్న చవక ఆండ్రాయిడ్ టీవీ బాక్సులు బయటపడ్డాయి, దాని తర్వాతి రూపం బ్యాడ్‌బాక్స్ 2.0 గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో బహిరంగంగా హెచ్చరించింది. పేరు తెలియని కంపెనీ బాక్స్, అందులో ప్లే ప్రొటెక్ట్ (గూగుల్ రక్షణ ఏర్పాటు) ఆపేయమని అడిగే యాప్, సినిమాలన్నీ ఉచితమనే మాట, ఇవి కనిపిస్తే మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ దానికి ఇవ్వకండి.

రికార్డింగ్ బాక్స్ కొంటుంటే చెవి దగ్గర పెట్టి హార్డ్‌డిస్క్ చప్పుడు వినండి. చాలా రికార్డింగ్ బాక్సులు మీరు రికార్డు చేయకపోయినా వెనక్కి జరిపి చూసుకోవడానికి డిస్క్ మీద రాస్తూనే ఉంటాయి, అందుకే ఆ డిస్క్ కంప్యూటర్ డిస్క్ కంటే ఎక్కువ అరిగి ఉండొచ్చు. టిక్ టిక్‌మని ఒకే లయలో కొట్టుకుంటుంటే అది చివరి దశలో ఉన్నట్టే. చాలావాటిలో రికార్డింగులు ఆ బాక్సుకే తెలిసే తాళంతో రాసి ఉంటాయి, బోర్డు పోతే డిస్క్ బాగున్నా వాటిని చదవలేం. పిల్లల పాట టీవీలో వచ్చినప్పుడు రికార్డు చేసుకున్నాం, తీసివ్వండి అని ఒక అమ్మ అడిగినప్పుడు కుదరదని చెప్పాల్సి వచ్చింది. అలాంటివి ఏమైనా దాచుకోవాలంటే, బాక్స్ నడుస్తుండగానే, బయటికి కాపీ చేయనిస్తుందో లేదో చూసి తీసి పెట్టుకోండి.