నేల విడిచి సాము చేసే వేళ్లు

డిండి వాగు ఒడ్డున ఎర్రచెలకల వెంట నడిస్తే ఇలాంటి చెట్టు ఒకటైనా కనబడుతుంది. ఏటేటా వానలకు మట్టి కోసుకుపోయి, సగం వేళ్లు బయటపెట్టుకుని నిలబడ్డ వేపో, కానుగో. ఇవాళో రేపో కూలుతుందనుకుంటాం గానీ ఏళ్లు గడిచినా కూలదు. దగ్గరికెళ్లి ఒక వేరును పైనుంచి కిందికి తడిమి చూడండి. గాలికి తేలిన భాగమంతా మాను మీద ఉన్నట్టే గరుకు బెరడు. మట్టిలోకి దిగే చోట కాస్త గోకితే నున్నటి పలుచని తొక్క.

మార్పు పైపైనే కాదు. మట్టిలో ఉన్నంతకాలం వేరు కట్టెలో కణాలు పెద్దవిగా, గోడలు పలుచగా ఉంటాయి. బయటపడ్డాక కొత్తగా పడే కట్టెలో కణాలు చిన్నవై, గోడలు మందమై, కాండం కట్టెను పోలి వస్తాయి. ఏడాదికొకటి చొప్పున వలయాలు స్పష్టంగా పడే చెట్లలో ఈ తేడా ఏ వలయం దగ్గర మొదలైందో లెక్కపెట్టి, అక్కడి నేల ఎప్పుడు కోసుకుపోయిందో కూడా శాస్త్రవేత్తలు చెబుతారు.

వేళ్లను బయటపెట్టే ఈ వాగు పనినే కావాలని, ఓపిగ్గా కుండీలో చేయడాన్ని, చెట్లను కుండీల్లో పొట్టిగా పెంచే జపాన్ కళ బోన్సాయ్‌లో నెఅగారి అంటారు. అజేలియా అనే పూలపొదలతో, ముఖ్యంగా వాటిలో సత్సుకి రకాలతో అక్కడ దీన్ని చేస్తారు. చిన్న మొక్కను పొడుగాటి గొట్టంలో నాటుతారు. అడుగు కోసేసి తలకిందులుగా నిలబెట్టిన కూల్‌డ్రింక్ సీసా అయినా, మిగిలిపోయిన పీవీసీ పైపు ముక్క అయినా సరిపోతుంది. కింద మంచి మట్టి, పైన అంతా దొడ్డు ఇసుక. ఇసుకలో తిండీ లేదు, తడీ నిలవదు కాబట్టి వేళ్లు అక్కడ పెద్దగా పిలకలు వేయకుండా కిందికి దిగుతాయి. అవి అడుగుకు చేరాక, కొన్ని నెలలకోసారి పై అంచును రెండు మూడు సెంటీమీటర్లు కోసి, ఆ మేరకు ఇసుక తీసేస్తూ పోవాలి.

ఒక్కసారిగా ఎందుకు తీయకూడదు? నీళ్లు పీల్చే పనంతా వేరు కొసకు దగ్గరగా ఉండే లేత భాగానిది. దాని తొక్క నీటిని లోపలికి రానిచ్చేంత పలుచన, అందుకే గాలి తగిలితే అంతే తొందరగా ఎండిపోతుంది. ముదిరిన భాగం చుట్టూ మాత్రం బెండు పొర ఏర్పడి, నీరు బయటికి పోకుండా కాపాడుతుంది. తెల్లటి వేరు గోధుమరంగుకు తిరిగి గట్టిపడేదాకా ఆగమనడం అందుకే. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. వేరు పొడుగు పెరిగేది కొస దగ్గరే. బయటికి తీసిన భాగం తర్వాత లావెక్కుతుందే తప్ప అంగుళం కూడా సాగదు. చెట్టుకు కాళ్లలా నిలిచే ఈ వేళ్లు ఎంత పొడుగు కావాలో అంతా మట్టిలో ఉండగానే రావాలి. లావు కావాలంటే పైన ఆకు నిండుగా ఉండాలి. ఆకులు చేసిన తిండే కింద కట్టెగా మారేది. ఆకారం పిచ్చితో మొదటి రోజు నుంచే కత్తెర పట్టుకునేవాళ్ల చెట్లకు పుల్లకాళ్లే మిగులుతాయి.

అజేలియాతో అసలు చిక్కు వేళ్ల దగ్గరే. వాటికి మామూలు మొక్కలకుండే వేరు నూగు ఉండదు. దాని బదులు వెంట్రుకలంత సన్నని వేళ్లు మట్టి పైపొరలో గొంగడిలా అల్లుకుపోతాయి, వాటి కణాల్లో కాపురముండే బూజు ఆమ్ల నేలల్లో పోషకాలు అందిస్తుంది. ఆ అల్లికలోంచి కాళ్లకు పనికొచ్చే నాలుగు వేళ్లను విడదీయడమంటే సన్నటి నీటిధార, వెదురుపుల్ల పట్టుకుని పూటంతా కూర్చోవడమే. జపాన్‌లో వీటికి వాడేది కనుమ మట్టి. తొచిగి ప్రాంతంలోని కనుమ పట్టణం పేరు మీద వచ్చిన మెత్తటి అగ్నిపర్వత రాయి, స్వభావం ఆమ్లం.

నల్లగొండ బోరు నీళ్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగేది బైకార్బొనేట్ నిండిన క్షార నీటిలోనే, అదే నీళ్లు కుండీలోకీ వస్తాయి. అజేలియాకు కావాల్సిన పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గితే ఆమ్లం) 4.5 నుంచి 6 మధ్య. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే మట్టిలో ఫెర్రిక్ రూపంలోని (తుప్పులో ఉండే) ఇనుము కరిగేది వెయ్యో వంతుకు పడిపోతుంది. ఎర్రచెలకకు ఆ రంగునిచ్చిందే ఇనుము, అయినా అందులో అజేలియా ఇనుము అందక ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి చస్తుంది. నిమ్మ ఉప్పు కలిపితే నీటి క్షారం ఆ పూటకు దిగుతుంది. కుండీలోని సూక్ష్మజీవులు దాన్ని తినేశాక మళ్లీ మొదటికే. శుభ్రమైన వాననీటి పీహెచ్ సుమారు 5.6, పట్టి దాచుకోగలిగితే అదొక్కటే దారి. అయినా మన మే నెల ఎండను అజేలియా తట్టుకోవాలి కదా. నన్నడిగితే పద్ధతి మాత్రం అజేలియా దగ్గర నేర్చుకుని, చెట్టు మన దగ్గరిదే పెట్టుకోమంటాను.

డాబా పిట్టగోడ పగుళ్లలో పిట్టలు వేసిన విత్తనంతో మొలిచే జువ్వి, రావి మొక్కలున్నాయి చూడండి, అవే. సిమెంటు సందులో ఇరుక్కుని పెరిగిన వేళ్లు అప్పటికే బల్లపరుపుగా, పొడుగ్గా ఉంటాయి. ఆ కుటుంబానికి గాలిలో వేళ్లు కొత్త కాదు. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రిలో మానుల్లా నిలబడ్డవన్నీ ఒకప్పుడు గాలిలో వేలాడిన ఊడలే. ఆ కుటుంబంలో కొన్ని చెట్ల ఊడ నేలలో నాటుకున్నాక లోపల లాగి పట్టే తన్యత కట్టె ఏర్పడి, కాస్త పొట్టిబడి బిగుసుకుంటుంది కూడా.

కుండీ మార్చే కాలం దగ్గర కూడా జపాన్ లెక్క వేరు. సత్సుకి పూసేది మే, జూన్‌లలో. పూలు రాలగానే, అక్కడి వానాకాలంలో చాలామంది మారుస్తారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మనం వేళ్లు ముట్టుకోకూడదు. ఆకులోంచి ఆవిరయ్యే నీటిని తెగిన వేళ్లు అందించలేవు. మృగశిర పడి, గాలిలో తేమ వచ్చాక జువ్వికి వేళ్లు కత్తిరించినా కొత్తవి తొందరగా వస్తాయి. పాత మట్టిలో మూడో వంతు ఉంచి, మిగతాది దులిపి, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, దొడ్డు ఇసుక, కాస్త ఎరువు కలిపి నింపాలి. మట్టి దుమ్ము ఉంటే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది.

బయటపడ్డ కాళ్ల మీద నిలబడ్డ చెట్టు బరువంతా పైనే. గాలికి ఊగిన ప్రతిసారీ అప్పుడే పుట్టిన వేరు కొసలు తెగుతాయి. అందుకే కుండీ అడుగు రంధ్రాల్లోంచి రాగి తీగ తెచ్చి, వేళ్లకు రబ్బరు ముక్క అడ్డుపెట్టి కట్టాలి. కొత్తగా తేలిన భాగానికి కొన్ని వారాలు తడి గోనె చుట్టి, పల్చటి నీడలో ఉంచాలి. దసరా నాటికి కుండీని మెల్లగా కదిపి చూసి, చెట్టు ఊగకపోతే తీగ తీసేయవచ్చు.