సైకిలు ఏ పద్దులో ఉంది? ఐరోపా నిధుల వెనుక నూరేళ్ల కథ

నెదర్లాండ్స్‌లో పాత వస్తువులు సేకరించేవారి దగ్గర అరచేతిలో ఇమిడిపోయే లోహపు బిళ్ల ఒకటి కనిపిస్తుంది. దాని మీద ఏ ఏడాదిదో ముద్ర ఉంటుంది. 1924 ఆగస్టు 1 నుంచి ఆ దేశంలో సైకిలు ఎక్కే ప్రతి ఒక్కరూ ఏటా పన్ను కట్టి ఆ బిళ్ల కొనుక్కోవాల్సి వచ్చింది. దాన్ని హ్యాండిల్ కింద, ముందు గొట్టానికి బిగించుకుని తిరగాలి. ఖజానా లోటు పూడ్చడానికి అప్పటి ఆర్థిక మంత్రి హెండ్రికుస్ కోలైన్ హయాంలో తెచ్చిన పన్ను అది. మొదట్లో బిళ్ల ఖరీదు 3 గిల్డర్లు. కూలి డబ్బులతో బతికేవాడికి అది చిన్న మొత్తం కాదు.

కొన్ని బిళ్లలకు మధ్యలో చిల్లు ఉంటుంది. అవి పని దొరకని పేదలకు ఉచితంగా ఇచ్చినవి. ఉచితమని తనిఖీ సిబ్బందికి దూరం నుంచే తెలియాలని చిల్లు పొడిచారు. అది వీధిలో పోయేవారందరికీ తెలిసేది. ఆ సైకిలు మీద వెళ్తున్న మనిషికి ఉద్యోగం లేదని అందరూ చదువుకునేవారు. మన ఊళ్లలోనూ ఒక తరం క్రితం వరకు సైకిలుకు పురపాలక సంఘం బిళ్ల ఉండేది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాని చిల్లు పొడిచి పేదరికాన్ని చాటిన బిళ్ల గురించి నేను మరెక్కడా వినలేదు.

ఆ సొమ్ము ఎక్కడికి పోయిందన్నదే అసలు విషయం. కొద్దికాలానికే రహదారుల నిర్మాణం కోసం ప్రత్యేక నిధి ఏర్పడింది. సైకిలు పన్ను రాబడి అందులో జమ అయింది. కార్లు ఇంకా కొద్దిమందికే ఉన్న రోజుల్లో, కార్లు పోవలసిన దారులకు సైకిలు తొక్కేవారు చందా కట్టారన్నమాట. 1941 మే నెలలో, జర్మన్ ఆక్రమణ కాలంలో ఆ పన్ను రద్దయింది.

ఐరోపాలో సైకిలు దారులకు ప్రభుత్వ సొమ్ము ఉందా అని ఈ రోజు ఎవరైనా అడిగితే, ఉందనే చెప్పాలి. చిక్కంతా పద్దు దగ్గర. రోడ్డుకు, రైలుకు, ఓడరేవుకు తమవంటూ శాఖలున్నాయి, బడ్జెట్లో వరసలున్నాయి. సైకిలు మాత్రం ఎప్పుడూ ఎవరిదో ఒకరి పద్దులో తలదాచుకుంటూ వచ్చింది. ఒకప్పుడు రోడ్డు భద్రత, తర్వాత పర్యాటకం, ఆ తర్వాత వాతావరణం. ఏ పద్దు కింద డబ్బు వచ్చిందో దాన్ని బట్టే దారి ఎక్కడ పడాలో తేలింది. ఏటి గట్టున పడిందా, బడి ముందు పడిందా అన్న తేడా అక్కడే పుట్టింది. ఈ నూరేళ్ల కథను ఆ కోణంలో చూస్తే తప్ప, ఇప్పటి పేచీలు అర్థం కావు.

మొదట భద్రత. యుద్ధం తర్వాత నెదర్లాండ్స్ కూడా మిగతా ఐరోపా లాగే కార్ల కోసం పాత వీధులు వెడల్పు చేసుకుంటూ పోయింది. 1971లో ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఆ మరుసటి ఏడాది, కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు పత్రికలో రాసిన వ్యాసం నుంచి ‘పిల్లల హత్య ఆపండి’ అన్న ఉద్యమం మొదలైంది. తల్లిదండ్రులు పిల్లలతో సహా వచ్చి వీధుల్లో బైఠాయించారు. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి, ఆదివారాలు కార్లు నడపకూడదని ప్రభుత్వమే ఉత్తర్వులిచ్చింది. ఖాళీ రహదారుల మీద జనం సైకిళ్లు తొక్కారు. 1975లో సైకిలు వాడేవారి సంఘం పుట్టింది.

ఆ ఒత్తిడికి కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసింది. టిల్‌బర్గ్‌లో, ద హేగ్‌లో కేంద్రం సొమ్ముతో ఒక్కొక్క నమూనా మార్గం వేశారు. ద హేగ్‌లో దుకాణదారులు బేరాలు పోతాయని గట్టిగా అడ్డుపడ్డారు. మార్గాలు బాగానే ఉన్నాయి, వాటి మీద రద్దీ కూడా పెరిగింది. కాని ఆ పెరుగుదలలో చాలావరకు పక్క వీధుల్లోంచి ఇటు మళ్లినవారిదేనని తేలింది. ఒక్క దారి ఎంత అందంగా వేసినా ఊరి అలవాటు మారదని అర్థమయ్యాక, డెల్ఫ్ట్ పట్టణంలో మరో పద్ధతి పట్టారు. ఊరంతటికీ ఒక వల, పేటకొక వల, ఇళ్ల మధ్య మరో చిన్న వల. ఎక్కడ కాలువ అడ్డొస్తే అక్కడ చిన్న వంతెన, రైలు కట్ట అడ్డొస్తే కింద సొరంగం. ఇప్పుడు ప్రపంచమంతా పొగిడే డచ్చి సైకిలు దారులు జాతి స్వభావంలోంచి ఊడిపడలేదు. శవాలు లెక్కపెట్టుకున్న తల్లిదండ్రుల కోపం, దానికి తలొగ్గి విడుదలైన ప్రభుత్వ నిధులు, మొదటి నమూనా నేర్పిన పాఠం వాటి వెనుక ఉన్నాయి.

డచ్చివారి కథ ఇలా సాగుతుండగా, ఐరోపా స్థాయిలో మరో డబ్బు సంచి తయారైంది. వెనుకబడిన ప్రాంతాల కోసం 1975లో ప్రాంతీయ అభివృద్ధి నిధి ఏర్పడింది. సరిహద్దులకు అటూ ఇటూ ఉన్న జిల్లాలు కలిసి పనులు చేసుకునేందుకు 1990లో ఇంటర్‌రెగ్ కార్యక్రమం మొదలైంది. ఇవి సైకిలు కోసం పెట్టినవి కావు. ఉపాధి, పెట్టుబడులు, పర్యాటకం వాటి మాటలు. సైకిలు దారి కావాలన్న ఊరు ఆ మాటల్లోనే దరఖాస్తు రాసుకోవాలి. 2007–2013 కాలానికి వచ్చేసరికి ఖర్చుల వర్గీకరణ పట్టికలో రవాణా కింద 24వ సంఖ్యగా ‘సైకిలు మార్గాలు’ అన్న వరస చేరింది. చూడటానికి చిన్న విషయమే. కాని పట్టికలో పేరు ఉంటేనే లెక్క ఉంటుంది, లెక్క ఉంటేనే ఎంత ఇచ్చారని నిలదీయగలం. తర్వాతి ఏడేళ్ల కాలంలో అదే వరసను కాలిబాటలతో కలిపి 090గా రాశారు. దాంతో సైకిలుకు విడిగా ఎంత వెళ్లిందో తేల్చడం మళ్లీ కష్టమైంది.

ఆ సొమ్ముతో వచ్చిన మంచి పనులు తక్కువేమీ కావు. స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా శివార్లలో మొరావా నది మీద 525 మీటర్ల పొడవున ఒక వంతెన ఉంది. నడిచేవారికి, సైకిళ్లకు మాత్రమే. అటు ఒడ్డు ఆస్ట్రియా. ఒకప్పుడు ఆ నదే ఇనుప తెర, అంటే కమ్యూనిస్టు తూర్పు ఐరోపాను పశ్చిమం నుంచి వేరుచేసిన సరిహద్దు. ఈదుకుంటూ అవతలికి పోవాలని చూసినవారిపై తుపాకులు పేలిన నీళ్లవి. 2012లో సరిహద్దు సహకార నిధులతో అక్కడ ‘స్వేచ్ఛా సైకిలు వంతెన’ తెరిచారు. ఇప్పుడు సాయంత్రం పూట పిల్లల్ని వెనుక సీటులో కూర్చోబెట్టుకుని ఎవరైనా ఈ దేశం నుంచి ఆ దేశానికి పోయి రావచ్చు, కాగితం చూపించమని అడిగేవారు లేరు. జర్మన్ గ్రీన్ పార్టీ ఎంపీ మైఖేల్ క్రామర్ యూరోపియన్ పార్లమెంటులో ఇనుప తెర వెంబడి సైకిలు మార్గం కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. ఐరోపా దేశాలను కలిపే దూరప్రయాణ సైకిలు మార్గాల వరసలో ఆ మార్గం ఇప్పుడు యూరోవెలో 13గా ఆ వంతెన ఉన్న సరిహద్దు వెంబడే సాగుతుంది.

అయినా ఈ పద్దు ఎటు లాగుతుందో చూడండి. తూర్పు పోలండ్‌లో అయిదు రాష్ట్రాల గుండా 2,000 కిలోమీటర్లకు పైగా ‘గ్రీన్ వెలో’ మార్గం పడింది. అడవులు, చెరువులు, పాత కోటలు దాని వెంబడి ఉంటాయి. సెలవుల్లో వెళ్లేవారికి అది వరమే. కాని సైకిలు మీద పనికి పోయేవాడికి, బడికి పోయే పిల్లకు కావలసినది ఊళ్లో రెండు కిలోమీటర్ల దారి. ఎందరు సందర్శకులు వస్తారో రాయమనే దరఖాస్తులో ఆ రెండు కిలోమీటర్లకు చోటు దొరకడం కష్టం.

పైగా చిన్న ఊళ్లకు దరఖాస్తు కన్నా పెద్ద గండం తర్వాత ఉంటుంది. ఈ నిధులు ముందుగా చేతికి రావు. మున్సిపాలిటీ అప్పోసప్పో చేసి పని మొదలుపెట్టి, బిల్లులు చెల్లించి, ఆ రశీదులు చూపిస్తే తిరిగి ఇస్తారు. వెనుకబడిన ప్రాంతాల్లో 85 శాతం వరకు ఇచ్చినా, మిగిలిన వాటా, అదే మన మ్యాచింగ్ గ్రాంటు, స్థానికంగా పెట్టుకోవాలి. కేటాయించిన ఏడాది తర్వాత రెండేళ్లలో, ఆ తర్వాతి నిబంధనల ప్రకారం మూడేళ్లలో, ఖర్చు చూపకపోతే నిధులు మురిగిపోతాయి. మురిగిపోయే గడువు ముంచుకొచ్చినప్పుడు ఏ పని ముందు కదులుతుంది? స్థల వివాదం లేని పని, చెట్టు కొట్టనక్కరలేని పని, పార్కింగ్ తీసేయనక్కరలేని పని. అంటే మళ్లీ ఏటి గట్టే. ఇది అధికారుల చెడ్డతనం కాదు, నిబంధనలే వారిని అటు నెడతాయి.

స్పెయిన్‌లోని సెవిల్ నగరం ఇందుకు ఎదురు నడిచింది. 2006 తర్వాత కొద్దికాలంలోనే ఒకదానితో ఒకటి కలిసే 80 కిలోమీటర్ల దారులు వేసి, తర్వాత 120కి పెంచారు. ఖర్చు సుమారు 3.2 కోట్ల యూరోలు. అదే నగరం 2009లో తెరిచిన మెట్రో మొదటి లైనుకు అయిన ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. డెల్ఫ్ట్ పాఠాన్ని ఒక్క ఊపున అమలు చేసిన ఊరు అది.

జర్మనీలో అడ్డు మరో రూపంలో వచ్చింది. స్థానిక దారులు రాష్ట్రాలవి, పట్టణాలవి. కేంద్రం వాటి మీద ఖర్చు పెట్టడానికి అప్పట్లో చట్టం ఒప్పుకునేది కాదు. రూర్ ప్రాంతంలో డ్యూస్‌బర్గ్ నుంచి హామ్ దాకా నూరు కిలోమీటర్ల సైకిలు రహదారి తలపెట్టి, 2015లో కొంత ముక్క తెరిచారు. అది ఎన్నో పట్టణాల గుండా పోయే పొడవైన దారి. దీన్ని ఎవరి దారి అనాలి? చివరికి 2017లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి, ఇలాంటి మార్గాలకు ఏటా 2.5 కోట్ల యూరోలు కేంద్రం ఇచ్చే వీలు కల్పించారు. ఆ రూర్ మార్గం నేటికీ ముక్కలుగానే ఉంది. బెల్జియంలోని ఫ్లాండర్స్ సులువైన సూత్రం పట్టుకుంది: ఊరు రెండు యూరోలు పెడితే ప్రాంతీయ ప్రభుత్వం ఒకటి కలిపేది.

ఫ్రాన్సులో 2018 సెప్టెంబరులో ఏడేళ్లకు 35 కోట్ల యూరోల సైకిలు ప్రణాళిక ప్రకటించారు. మనిషికి ఏటా ఒక్క యూరో కూడా పడని మొత్తం. అయినా ఆ దేశంలో సైకిలుకు సొంత నిధి అంటూ ఏర్పడటం అదే మొదలు గనక ఊళ్లు ఎగబడ్డాయి. 2023 మేలో దాన్ని 200 కోట్లకు పెంచుతామన్నారు. 2025 బడ్జెట్ వచ్చేసరికి పెద్ద కోత పడింది. అప్పటికే పటాలు గీసుకుని, ఇంజనీర్లను పెట్టుకున్న చిన్న పట్టణాలు నడిదారిలో నిలబడిపోయాయి. ఇంగ్లండులోనూ అంతే. నడక, సైకిళ్ల కోసం 2022లో ప్రత్యేక సంస్థ పెట్టి, 2023 మార్చిలో దాని పెట్టుబడి సొమ్ములో 20 కోట్ల పౌండ్లు కోసేశారు. రోడ్డు పనులు ఆపితే గుత్తేదారు కోర్టుకు పోతాడు. సైకిలు పనులు ఆపితే అడిగేవారు తక్కువ. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

వాతావరణం పద్దు మాత్రం సైకిలుకు కలిసొచ్చింది. కోవిడ్ తర్వాత ఐరోపా యూనియన్ పెట్టిన పునరుద్ధరణ నిధిలో ప్రతి దేశం తన వాటాలో కనీసం 37 శాతం వాతావరణ పనులకు చూపాలి. ఏ పని ఎంత శాతం లెక్కకు వస్తుందో 2021 నిబంధనల అనుబంధంలో రాశారు. సైకిలు దారికి నూటికి నూరు శాతం. అంటే దాని మీద పెట్టిన ప్రతి యూరో పూర్తిగా లక్ష్యంలో చేరుతుంది. ఆర్థిక శాఖలకు సైకిలు మీద అకస్మాత్తుగా ప్రేమ పుట్టడానికి ఈ లెక్క ఒక కారణం. ఇటలీ ఒక్కటే 60 కోట్ల యూరోలు రాసుకుంది. ప్రేమకు కారణం ఏదైతేనేం, దారులు పడ్డాయి. 2024 ఏప్రిల్ 3న ఐరోపా యూనియన్ పార్లమెంటు, మంత్రిమండలి, దాని కార్యనిర్వాహక విభాగమైన కమిషన్ మూడూ కలిసి సైకిలు ప్రకటనపై సంతకాలు చేశాయి. పన్ను బిళ్ల వచ్చి అప్పటికి దాదాపు నూరేళ్లు. సైకిలును పూర్తి స్థాయి రవాణా సాధనంగా గుర్తిస్తున్నామని అందులో రాశారు. ఎవరికీ చట్టపరమైన బాధ్యత పెట్టని ప్రకటన అది, డబ్బు కేటాయించిందీ లేదు.

పునరుద్ధరణ నిధి పనులకు గడువు 2026 ఆగస్టు. 2028–2034 బడ్జెట్ ప్రతిపాదనను కమిషన్ 2025 జూలైలో బయటపెట్టింది. మొత్తం సుమారు 2 లక్షల కోట్ల యూరోలు. ప్రాంతీయ నిధులు, వ్యవసాయ సాయం విడివిడిగా కాకుండా దేశానికొక ఉమ్మడి ప్రణాళికలో కలపాలన్నది అందులోని పెద్ద మార్పు. అదే ఖాయమైతే సైకిలు దారి ఒకే సంచి దగ్గర రైతు సాయంతో, రోడ్లతో, రైళ్లతో పోటీ పడాలి. 24 అనో 090 అనో ఉన్న వరస ఈసారి ఏ పేరుతో, దేని పక్కన రాస్తారో ప్రతి దేశ రాజధానిలోనూ ఆర్థిక శాఖ బల్ల మీద తేలుతుంది. ఊరి మేయర్లు, సైకిలు సంఘాలు ఇప్పటినుంచే ఆ బల్ల దగ్గర కుర్చీ కోసం అడగాలి.